పట్టీ చెప్పింది, పోలేశ్వరి చెప్పింది

తేలూరు మందుల గది చిట్టా. రాస్తున్నది మైలపల్లి నూకరత్నం.

ఆగస్టు 19

పాత పుస్తకం నిన్నటితో నిండిపోయింది. ఇది కొత్తది, చివర రెండు పేజీలు ఉప్పుగాలికి అప్పుడే వంకర తిరిగాయి.

పొద్దున్నే ఆరింటికి తూర్పు పడవకట్టు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాను. నాచుతోటల పనికి వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎడమ చెయ్యి చాపారు. ఈ తేలే ఊళ్లో మొత్తం ఆరువందల పన్నెండు మందిమి. అందులో థైరాయిడ్ పట్టీ కట్టుకున్నవాళ్లం నాతో కలిపి నలభై ఒక్కరం. పట్టీ భుజం కింద అతుక్కుని ఉంటుంది. రోజూ సూదిమొనంత రక్తం తీసుకుని చూసుకుంటుంది. ఎంత మందు కావాలో తనే తేల్చుకుని చర్మంలోకి పంపుతుంది. నేను దాని మీది అంకె రాసుకుంటాను, వారానికోసారి మందు గొట్టం మారుస్తాను. అంకె పెరిగితే మందు చాలడం లేదని, తగ్గితే మందు ఎక్కువైందని మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మా అమ్మ కాలంలో మాత్రలు ఉండేవి. అమ్మ పరగడుపున మాత్ర వేసుకుని, గంట గడిచేదాకా టీ తాగకూడదని గడియారం ముందు కూర్చునేది. నేనైతే లేవగానే టీ తాగుతాను. ఆ ఒక్క సుఖం చాలు, పట్టీకి దండం పెట్టొచ్చు.

మధ్యాహ్నం ఉమ్మడి వంటశాలలో మా ఆయన దానయ్య కొత్త వంటకం పెట్టాడు. శుద్ధిచేసిన సముద్రపు నీళ్లతో తలంట్లు పోసుకుని అందరికీ జుట్టు ఊడుతోందని ఊరంతా గోల. ఒడ్డు నుంచి జుట్టుకి బలమిచ్చే పొడి డబ్బాలు వచ్చాయి. దానయ్య ఆ పొడిని నాచు, తాటిబెల్లం, జీడిపప్పుతో కలిపి హల్వా చేశాడు. పళ్లాలు పదిహేను నిమిషాల్లో ఖాళీ. ఊరు దానికి జుట్టు హల్వా అని పేరు పెట్టేసింది. ఇక రోజూ చేస్తానని ఆయన సాయంత్రం దాకా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

సెప్టెంబరు 4

వింతగా ఉంది. వారం రోజులుగా పట్టీల మీద అంకెలు తగ్గుతున్నాయి. నాదీ తగ్గింది. మందు ఎక్కువైందని తేల్చుకుని పట్టీలు తమంతట తామే మోతాదు కోస్తున్నాయి. నలభై ఒక్కరిలో ఇరవైతొమ్మిది మందికి ఇదే వరస.

గురువారం కదా, ఒడ్డు మీద ఉండే డాక్టర్ షంషాద్ గారు తెర మీదకి వచ్చారు. అంకెలన్నీ ఆవిడకి కూడా కనిపిస్తాయి.

"మంచి గాలి, మంచి తిండి. కొందరికి అవసరం తగ్గి ఉండొచ్చు. ఎవరికైనా గుండెదడ, చెమటలు ఉన్నాయా?" అని అడిగారు.

"ఎవరూ అనలేదు మేడమ్."

"అయితే గమనిస్తూ ఉండండి."

సంతోషంగానే లేచాను. తక్కువ మందుతో గడిచిపోతే ఎవరికి చేదు? ఊరికి కరెంటిచ్చే సూర్యఫలకాలు కడిగే వంతు నాది, పాట పాడుకుంటూ కడిగాను.

సెప్టెంబరు 24

సూర్యఫలకాలు సగం కడిగి కూర్చుండిపోయాను. చేతులు బరువు. ఎండలో ఉన్నా చలి. పొద్దున్న పడవకట్టు దగ్గర చూస్తే నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. నాచు కోసే ఆడవాళ్లు తాళ్లు పట్టుకుని నిలబడే కునుకుతున్నారు. మలబద్ధకానికి మందు ఇమ్మని నలుగురు వచ్చారు.

"వానాకాలం గదా, అందరికీ ఇంతే," అన్నాడు దానయ్య, నా భుజాల మీద తన ఉన్ని రగ్గు కప్పుతూ. "నువ్వు రెండు హల్వా ముక్కలు తిను, బలం వస్తాది."

తిన్నాను. బాగుంటుంది మరి.

అక్టోబరు 7

పోలేశ్వరి వచ్చింది. తోటల్లో తాళ్లు ముడివేసే పని ఆమెది, ఇరవైఎనిమిదేళ్లు. ఆరేళ్లుగా పట్టీ వాడుతోంది. తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది తప్ప లోపలికి రావడం లేదు.

"ఏటే, అలగ నిలబడిపోనావు?"

"నెల తప్పిందప్పా."

లేచి వెళ్లి కౌగలించుకున్నాను. రెండేళ్ల కిందట ఒకసారి మూడో నెలలో పోయింది. ఆ తర్వాత ఇదే. పరీక్ష చేశాను, నిజమే, ఆరు వారాలు ఉండొచ్చు.

ఆమె వెళ్లాక పట్టీ అంకెలు తీసి చూస్తే మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. కడుపుతో ఉన్న మనిషికి థైరాయిడ్ మందు ఇంకా ఎక్కువ కావాలి. తొలి మూడు నెలలూ బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి ఒంట్లోని హార్మోనే ఆధారం, బిడ్డకి సొంత గ్రంథి అప్పటికి పనిచెయ్యదు. పోలేశ్వరి పట్టీ మాత్రం నెలన్నరగా మోతాదు కోస్తూనే ఉంది. ఇప్పుడు ఆమెకి అందేది మునుపటిలో సగం కన్నా తక్కువ.

అక్టోబరు 9

గురువారం. షంషాద్ గారికి చెప్పాను.

"తొలి వారాల్లో ఆ అంకె కాస్త తగ్గడం మామూలే. కానీ ఇంత తక్కువగానా?" ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వచ్చే వారం ఒడ్డుకి పంపగలరా? ఇక్కడ నేనే..."

తెర గళ్లు గళ్లుగా విడిపోయింది. తుపాను హెచ్చరిక వచ్చింది, ఒడ్డుతో మాటలు కలిపే స్తంభం దించేశారు. అది మళ్లీ నిలబడేదాకా ఒడ్డుతో మాటల్లేవు, పడవల్లేవు.

అక్టోబరు 12

మూడో రోజు గాలి. ఊరిని నీటి మీద మోసే పలకలన్నీ గొలుసుల మీద మూలుగుతున్నాయి. అయినా ఎక్కడా ఏమీ తెగలేదు. మా తేలూరు ఇలాంటివి ఎన్ని చూసిందో.

మధ్యాహ్నం పోలేశ్వరిని భర్త ఎర్రయ్య పట్టుకుని నడిపించుకొచ్చాడు. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది.

"ఒల్లంతా తడిసిన తాడులాగుందప్పా," అంది. "మొదట్లో, పట్టీ ఎయ్యకముందు ఉన్నట్టే ఉంది. అచ్చం అలాగే."

"వేవిళ్లు కదేటి," అన్నాడు ఎర్రయ్య.

"వేవిళ్లు కాదు. నాకు తెలీదేటి?"

పట్టీ చూశాను. మందు ఎక్కువగా ఉందనే చెబుతోంది. ఈ వేళ కూడా కాస్త కోసింది.

నిజంగా మందు ఎక్కువైతే గుండె పరుగెత్తాలి. నాడి పట్టుకుని గడియారం చూశాను. నిమిషానికి యాభైరెండు. అప్పుడు గూట్లోంచి చిన్న రబ్బరు సుత్తి తీశాను. కుర్చీ మీద మోకాళ్లు ఆనించమని చెప్పి, మడమ మీది నరం దగ్గర మెల్లగా తట్టాను. పాదం ఎగిరింది. కిందకి దిగడానికి మాత్రం తీరిగ్గా, ఒళ్లు విరుచుకుంటున్నట్టు దిగింది. మందు చాలనివాళ్ల పాదం అలా దిగుతుంది. నేర్చుకునేటప్పుడు చూశాను, మళ్లీ ఇరవైయేళ్లకి ఇదే.

నా మడమ మీద నేనే తట్టుకోబోయాను, అందలేదు. దానయ్యని పిలిచి కొట్టించుకున్నాను. నాదీ అంతే.

పట్టీ ఒకటి చెబుతోంది. ఒళ్లు ఇంకొకటి చెబుతోంది. ఇరవైతొమ్మిది పట్టీలు ఒకేసారి పాడవుతాయా?

అక్టోబరు 13, పొద్దున్న

గాలి కాస్త తగ్గింది. పడవకట్టు దగ్గర కూర్మయ్య తాత ఒక్కడే తెడ్లు సర్దుతున్నాడు. డెబ్భైఒక్కేళ్లు. పట్టీ వేసుకుని పన్నెండేళ్లయింది. అందరూ మంచాలెక్కితే ఈయన మాత్రం వానలో చొక్కా లేకుండా తిరుగుతున్నాడు. అంకె చూశాను, నిరుడు ఉన్నట్టే ఉంది. మోతాదు వీసమెత్తు మారలేదు.

"తాతా, నీకు నీరసం లేదేటి?"

"నాకేటి నీరసమే గుంటా? మీ ఆడోల్లే, గాలికే వంగిపోతన్నారు."

"నువ్వు ఏటి తింటన్నావు?"

"అందరూ తిన్నదే. మీ ఆయన ఏది పెడితే అది." కాసేపాగి నున్నటి గుండు మీద చెయ్యి వేసుకుని పకపకా నవ్వాడు. "ఆ జుట్టు హల్వా ఒకటి తప్ప. నాకెందుకే అది? ఎక్కడ మొలవాలి?"

నవ్వబోయి ఆగిపోయాను. మందుల గదికి పరుగెత్తి పుస్తకం తీశాను. మోతాదు మారనివాళ్లు పన్నెండు మంది. అందులో తొమ్మిది మందికి షుగరు, దానయ్య వాళ్లకి హల్వా పెట్టడు. ఇద్దరికి జీడిపప్పు పడదు. పన్నెండో మనిషి కూర్మయ్య తాత.

వంటశాలకి వెళ్లి పొడి డబ్బా తిప్పి చదివాను. బయోటిన్. విటమినే, హాని లేనిదే. ఆ మాట ఎక్కడో చదివిన గుర్తు. పట్టీలతో పాటు వచ్చిన కాగితపు పుస్తకం అలమర అడుగున దొరికింది. ఎనభైనాలుగో పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంది: బయోటిన్ ఎక్కువగా తీసుకునేవారు కనీసం రెండు రోజులు మాని, తర్వాత అంకె చూసుకోవాలి.

చదివిన కొద్దీ విషయం విడిపోయింది. మందు చాలనప్పుడు రక్తంలో పెరిగే హార్మోను ఒకటుంది, పట్టీ దాన్ని సన్నటి కొక్కేలతో పట్టుకుని కొలుస్తుంది. ఆ కొక్కేలని తగిలించేది బయోటిన్‌తోనే. తిండిలోంచి బయోటిన్ వచ్చి ఒంట్లో నిండిపోతే, కొక్కేలు ఉండాల్సిన చోట అదే కూర్చుంటుంది. పట్టుబడేది తగ్గిపోయి, మందు చాలనివాళ్లకి కూడా ఎక్కువైందని అంకె వస్తుంది. పట్టీ ఆ తప్పుడు అంకెను నమ్మి మందు కోస్తుంది. ఎనిమిది వారాలుగా జరుగుతున్నది ఇదే.

అదే రోజు, మధ్యాహ్నం

ముందు దానయ్యకి చెప్పాను. గరిటె కింద పెట్టేశాడు.

"నా హల్వా తిని జనం కూలబడ్డారంటావేటి?"

"హల్వాలో విషం లేదు మావా. పట్టీ కళ్లకి గంతలు కట్టింది, అంతే."

"పోలేశ్వరికి కూడా నేనే పెట్టాను. కడుపుతో ఉందని మూడేసి ముక్కలు పెట్టాను." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయిన ఇరవైరెండేళ్లలో ఆయన కళ్లు అలా చూడలేదు.

"నేనూ తిన్నాను గదా. నెలన్నర నుంచి అంకెలు రాస్తన్నది నేను. నాకు తట్టలేదు, నీకేం తెలుస్తాది?"

ఆయన పళ్లాల్లో మిగిలిన హల్వా తీసి చేపల తొట్టిలో వేసేశాడు. తర్వాత భోజనాల శాల మధ్యలో నిలబడి, ఎవరూ అడగకుండానే, జుట్టు పొడి వల్ల పట్టీలు తప్పుగా చూస్తున్నాయని, రత్నం పిలిస్తే వెంటనే వెళ్లమని తనే గట్టిగా చెప్పాడు.

మిగతావాళ్లు రెండు రోజులు ఆగగలరు. పోలేశ్వరి విషయంలో ఆగాలని నాకు అనిపించలేదు. డాక్టరు మాట లేకుండా ఎవరి పట్టీ తియ్యకూడదన్నది మందుల గది మొదటి నియమం. తీస్తే ఈ ఉద్యోగం పోవచ్చు. స్తంభం ఎప్పుడు లేస్తుందో తెలియదు.

అలమరలో పాత మాత్రల డబ్బా ఉంది, పట్టీలు చెడిపోతే వాడటానికి. గడువు తేదీ చూశాను, ఇంకా ఏడాది ఉంది. డబ్బా పట్టుకుని వాళ్ల గదికి వెళ్లాను.

ఎర్రయ్య అడ్డం నిలబడ్డాడు. "పట్టీ ఎక్కువుందంటంటే నువ్వు ఇంకా పోస్తానంటావేటప్పా? పోయినసారి ఏటయిందో తెల్సు గదా. మళ్లీ అలగ జరిగితే?"

అది కోపం కాదని, భయమని నాకు తెలుసు. సుత్తి తీసి, ముందు అతని మడమ మీద తట్టాను. పాదం ఎగిరి టక్కున దిగింది. తర్వాత పోలేశ్వరిది. ఎగిరింది. మెల్లగా, మెల్లగా దిగింది. ఆమె నాడి మీద అతని వేళ్లు పెట్టి లెక్కపెట్టమన్నాను.

"నేను పొరపాటు పడొచ్చు ఎర్రయ్యా," అన్నాను. "నాలుగు రోజులు ఈ మాత్రలు వేసుకుంటే కొంప మునగదు. ఇవ్వకపోతే మునగొచ్చు. నా బుర్రకి అందింది ఇంతే."

పోలేశ్వరి మంచం మీదనుంచే చెయ్యి చాపింది. "తీసెయ్యప్పా. ఒల్లు నాది. నేను సెప్తన్నాను."

పట్టీ అంచు పట్టుకుని లాగాను. అది కుయ్యి కుయ్యిమని ఏడ్చి ఆగిపోయింది. మునుపు ఆమెకి సరిపోయిన మోతాదుకి సమానమైన మాత్ర రోజుకొకటి. కడుపుతో ఉంది కాబట్టి వారానికి ఏడు బదులు తొమ్మిది, అంటే వారంలో రెండు రోజులు రెండేసి. పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, గంటసేపు టీ తాగకూడదు. ఐరన్, కాల్షియం బిళ్లలు నాలుగు గంటలు దూరం పెట్టాలి. మా అమ్మ నోట విన్న మాటలే మళ్లీ నా నోట వచ్చాయి.

పుస్తకంలో పట్టీ తీసినట్టు, తీసింది నేనేనని రాసి సంతకం పెట్టాను.

అక్టోబరు 15

ఎవరూ హల్వా ముట్టుకోక రెండు రోజులైంది. పొద్దున్న బల్ల వేసుకుని కూర్చున్నాను.

మొదటి పట్టీ నాదే చూసుకున్నాను. నాలుగు దాటకూడని అంకె ఇరవైఒకటి ఉంది. తర్వాత వచ్చినామెకి పదహారు. ఆ తర్వాత ఇరవైఏడు. ఇరవైతొమ్మిది మందికీ అంతే, పెరిగిన అంకెలే. పట్టీలు తప్పు తెలుసుకుని తమంతట తామే మోతాదు పెంచడం మొదలుపెట్టాయి. పోలేశ్వరి చేతికి ఒక్క నిమిషం పాత పట్టీ ఆనించి చూశాను. ముప్ఫైఎనిమిది.

ఎర్రయ్య ఆ అంకె చూసి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "నువ్వు ఆగలేదు, మంచిపని సేసినావప్పా," అన్నాడు.

అక్టోబరు 17

స్తంభం లేచింది. షంషాద్ గారికి అన్నీ వరసగా చెప్పాను. పట్టీ తీసిన సంగతి మొదట చెప్పాను, మిగతాది తర్వాత.

ఆవిడ పాత అంకెలన్నీ ఒకసారి తిప్పి చూశారు. తర్వాత, "నాడి చూశారా, మడమ చూశారా, రెండూనా?" అని అడిగారు.

"చూశాను మేడమ్."

"నేను ఎనిమిది వారాలుగా అంకెలే చూశాను నూకరత్నం గారూ. మిమ్మల్ని గుండెదడ ఉందా అని ఒక్కసారి అడిగాను. నీరసం ఉందా అని అడగలేదు." ఆవిడ కాగితం దగ్గరికి లాక్కున్నారు. "మాత్రలు అలాగే కొనసాగించండి. నాలుగు వారాలకోసారి రక్తం ఒడ్డుకి పంపండి, మోతాదు నేను సరిచేస్తాను. మిగతా తేలే ఊళ్లకి ఇవాళే కబురు పెడతాను. అక్కడ కూడా ఈ పొడి వెళ్లింది."

ఉద్యోగం మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నవంబరు 20

ఎండ బాగుంది. సూర్యఫలకాలన్నీ ఒక్కపూటలో కడిగేశాను. నాచు కోసే ఆడవాళ్లు మళ్లీ ఒకళ్ల మీద ఒకళ్లు కేకలేసుకుంటున్నారు, వినడానికి హాయిగా ఉంది. దానయ్య పొడి లేని హల్వా చేశాడు. ఎవరూ తినరేమోనని తలుపు చాటు నుంచి చూస్తూ నిలబడ్డాడు. మొదటి ముక్క పోలేశ్వరి తీసుకుంది. ఆయన లోపలికి వెళ్లి కాసేపు ఉల్లిపాయలు తరిగాడు.

ఒడ్డు నుంచి కబురు: పోలేశ్వరి అంకె ఆరుకి దిగింది. మాత్ర మరికాస్త పెంచారు.

ఫిబ్రవరి 11

పోలేశ్వరి అంకె రెండుకి వచ్చింది. బిడ్డ కడుపులో ఈత కొడుతోందని పోలేశ్వరి ఊరంతా చెబుతోంది. ఎర్రయ్య రోజూ తెల్లవారకముందే లేచి నీళ్ల గ్లాసు, మాత్ర ఆమె చేతికి ఇచ్చి, గంట గడిచేదాకా టీ గిన్నెకి కాపలా కాస్తున్నాడట. ఆమె వచ్చి నాకు ఫిర్యాదు చేసింది. నేను అతని పక్షమే మాట్లాడాను.

జూన్ 2

పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిదివందల గ్రాములు. తల్లి బాగుంది. షంషాద్ గారు కాన్పు కోసం నాలుగు రోజుల ముందే పడవలో వచ్చి మా ఇంట్లోనే దిగారు. దానయ్య ఆవిడకి పూటకో చేప వండిపెడుతున్నాడు.

జూన్ 5

మూడో రోజు. పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి థైరాయిడ్ చూస్తాం. ఈ ఒక్క పరీక్షకి సూదిని రెండుసార్లు సరిచూసుకున్నాను. సూది తగలగానే పాప గది అదిరేలా ఏడ్చింది. ఆ గొంతులో బొంగురు లేదు. అయినా అంకె వచ్చేదాకా ఏమీ అనలేను, అనలేదు. రక్తపు కాగితం పట్టుకుని షంషాద్ గారు మధ్యాహ్నం పడవ ఎక్కారు.

జూన్ 9

పదకొండింటికి తెర వెలిగింది. ఎర్రయ్య అప్పటికే మందుల గది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు, తాడు ముడి వేస్తూ విప్పుతూ.

"మూడు పాయింట్ నాలుగు," అన్నారు షంషాద్ గారు. "పూర్తిగా మామూలు. పాపకి ఏ మందూ అక్కర్లేదు."

నేను వెనక్కి తిరిగేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. ఎర్రయ్య పలకల మీద పరుగెడుతున్నాడు. తూర్పు పడవకట్టు నుంచి నాచుతోటల దాకా గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"మూడు పాయింట్ నాలుగు! మూడు పాయింట్ నాలుగు!"

కేక ఒక పలక నుంచి ఇంకో పలకకి పాకింది. వంటశాలలో దానయ్య గరిటెతో గిన్నె మీద మోగించాడు. తోటల్లో పడవల మీదున్న ఆడవాళ్లు తెడ్లు పైకెత్తారు. నేను పెన్ను తీసుకుని అంకె రాశాను. రెండుసార్లు రాయాల్సి వచ్చింది, మొదటిది తడిసిపోయింది.